తొలిమాట వెంకటపతి

అత్తిమంజేరిపేట చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో పూర్వం ఒక పాడు నియమం ఉండేది. తగువు పడ్డ ఇద్దరిలో ఎవడు ముందు నోరు తెరిస్తే తప్పు వాడిదని లెక్క. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు ఊరి మేలు కోరినవాడు మాత్రం కాదు. చేని గట్టు దగ్గర మొదలైన పేచీ తాతల నుంచి మనవళ్లకు దిగేది. ఒకే బావిలో నీళ్లు తోడుకునే అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ముసలివాళ్లయ్యేవారు. పంచాయతీ పెడితే ఇరువైపుల వాళ్లూ వచ్చి కూర్చుని, తమలపాకులు నమిలి, పొద్దు గూకాక లేచి ఎవరి దారిన వాళ్లు పోయేవారు.

అందుకని ఏ పక్కకూ చెందని మనిషి ఒకడు కావలసి వచ్చేది, సభలో మొదటి మాట అనడానికి. తీర్పు చెప్పడం అతని పని కాదు, దానికి పెద్దలు వేరే ఉన్నారు. బిగుసుకుపోయిన నోళ్లు తెరిపిస్తే చాలు, అతని పని అయిపోయినట్టే. చాలా ఏళ్లపాటు ఆ పని చేసినవాడు వెంకటపతి. తెల్లదొరల కాలం, తిరుత్తణి ఇంకా చిత్తూరు జిల్లాలో ఉన్న రోజులు. ఊళ్లో ఆయన్ని తొలిమాట వెంకటపతి అనేవారు.

ఆయనేమీ పెద్ద చదువరి కాదు. కొంచెం చెరకు, కొంచెం రాగులు పండించుకునే రైతు. బక్కపలచని మనిషి, గొంతు కూడా పెద్దది కాదు. ఈ పని ఆయనకు అబ్బిన తీరు తలుచుకుంటే నవ్వొస్తుంది. వయసులో ఉండగా ఒకసారి వియ్యంకుల తగువు తీర్చే సభకు ఊరికే వెంట వెళ్లాడు. పొద్దున్నుంచి ఎవరూ నోరు విప్పలేదు. ఎండలో నడిచి వెళ్లినవాడు, నాలుక పిడచగట్టుకుపోయి, ఉండబట్టలేక, "రొంత నీళ్లిస్తారా?" అని అడిగాడు. అంతే, రెండిళ్ల ఆడవాళ్లూ ఒక్కసారిగా లేచి రెండు చెంబులు తెచ్చారు. ఎవరి చెంబు వద్దన్నా తప్పే. పాపం, రెండూ ఖాళీ చేశాడు. ఆయన పొట్ట చూసి ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఈ పక్క నుంచి ఆ పక్కకు పాకింది, నవ్విన నోళ్లు మూతపడేలోగా మాట్లాడేశాయి. ఆ రోజు నుంచి దాహం ఉన్నా లేకపోయినా రెండు పక్కల నీళ్లు తాగిగానీ ఆయన మొదటి మాట అనేవాడు కాదు.

మరోసారి ఇంకో పాఠం నేర్చుకున్నాడు. ఏదో సభలో లేచి నిలబడి, "నేను చెప్పొచ్చేదేమంటే" అని మొదలుపెట్టాడు. వెనక వరసలో ఒక ముసలాయన, "నువ్వెవురయ్యా చెప్పేదానికి?" అన్నాడు. సభ అక్కడికక్కడే చెదిరిపోయింది. అప్పుడు అర్థమైంది వెంకటపతికి. మొదటి మాటలో నేను అన్నది ఉండకూడదు. అది విన్న మరుక్షణం జనం విషయాన్ని వదిలి మనిషిని తూచడం మొదలుపెడతారు. వాన గురించి అయినా సరే, పోయిన పెద్దల గురించి అయినా సరే, ఇరువైపుల వాళ్లూ తలూపే నిజం ఒకటి ముందు పెట్టాలి. ఒకసారి కలిసి తలూపినవాళ్లు రెండోమాటకు కొట్టుకోరు. ఈ సంగతి ఆయన ఎవరికీ ఉపదేశించలేదు. అన్న కూతురు కోకిలకు తప్ప.

అన్న పేరు కోదండరామ. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆయనే. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒక్కటే గోడ, అదీ నడుం ఎత్తే. కోదండరామ చాలా తక్కువ మాట్లాడేవాడు. మాటల్లో అన్నది పొదుపు, తమ్ముడిది మదుపు అని ఊళ్లో వేళాకోళం చేసేవారు. వెంకటపతికీ ఆయన భార్య ధనమ్మకూ పిల్లలు లేరు. కోకిల పుట్టింది ఆ ఇంట్లోనైనా పెరిగింది ఈ ఇంట్లోనే. చిన్నప్పుడు అది రోలు మీదికెక్కి, చేతులు కట్టుకుని, చుట్టూ కోళ్లను చూస్తూ, "రొంత నీళ్లిస్తారా?" అని చిన్నాయన గొంతుతో అడిగేది. వెంకటపతి పడీ పడీ నవ్వేవాడు. ఆ నవ్వులో ఎంత గర్వం ఉందో ధనమ్మకు తెలుసు.

కోకిలను తిరువళ్లూరు ఇచ్చారు. పెండ్లికొడుకు బాలసుబ్రమణ్యం బట్టల అంగట్లో పని చేసేవాడు, నెమ్మదైన పిల్లవాడు. వాళ్లదీ వీళ్ల కులమే, మాది విజయనగరం రాయల కాలంలో వచ్చిన వంశమని చెప్పుకునేవారే. అయితే తరాలుగా ఆ ఊళ్లో ఉండి ఇంట్లో కూడా అరవమే మాట్లాడేవారు. తెలుగు వాళ్లకు పేరంటం పాటల్లోనూ అవ్వల తిట్లలోనూ మిగిలింది.

పెండ్లి ఈ ఊళ్లోనే జరిగింది. ముహూర్తానికి ముందు వచ్చినవాళ్లను ఆహ్వానిస్తూ నాలుగు మాటలు చెప్పమని తమ్ముణ్ణి అడిగింది కోదండరామే. వియ్యాలవారి మర్యాద కోసం అరవంలో మాట్లాడాలని వెంకటపతి నిశ్చయించుకున్నాడు. ఆయనకు అరవం రాక కాదు. సంతలో, రైలులో, తిరుత్తణి కొండ మీద మాట్లాడేది అదే. కానీ నాలుక అరవం పలికినా ఆయన ఆలోచన మాత్రం తెలుగులోనే సాగేది. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లందరిదీ అదే తంతు. చెరకు తోటలో నీళ్లు కడుతూ ఆ మాటలు ఎన్నోసార్లు వల్లించుకున్నాడు.

పందిట్లో లేచాడు. ఇరువైపుల నీళ్లూ తాగాడు. చేతులు జోడించి అన్నాడు.

"ఇంద కారియత్తుక్కు వందిరుక్కుం పెరియవంగ ఎల్లారుక్కుం నమస్కారం."

ఈ కార్యానికి వచ్చిన పెద్దలందరికీ నమస్కారం అని ఆయన అన్నది. తెలుగులో అందులో వంక పెట్టడానికేమీ లేదు. పెండ్లీ కార్యమే, సీమంతమూ కార్యమే. అరవంలో మాత్రం ముందు సుభ అనే ముక్క తగిలించకుండా ఒంటిగా కారియం అంటే మనిషి పోయాక చేసే కర్మ. ఆ సంగతి వెంకటపతికి తెలియనిది కాదు. ఎన్ని కారియాలకు వెళ్లలేదు, ఎన్నిచోట్ల ఆ మాట అనలేదు! కానీ ఆ క్షణంలో మనసులో ఉన్న తెలుగు కార్యం అరవం చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

తిరువళ్లూరు వాళ్ల వైపు మాటలు ఆగిపోయాయి. పెండ్లికొడుకు అవ్వ చెవులు మూసుకుంది. వెంకటపతి మళ్లీ సుభకారియం అని దిద్దుకున్నాడు, కానీ దిద్దిన మాటను ఎవరు వింటారు? అప్పుడు బాలసుబ్రమణ్యమే నవ్వి, చిన్నమామగారు తెలుగులో అన్నారు, మనమే అరవంలో విన్నామని సర్ది చెప్పాడు. తల వంచుకుని కూర్చున్న కోకిల కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మేళం మొదలైంది, పెండ్లి జరిగింది. కొంతకాలం అది బంధువుల్లో చెప్పుకుని నవ్వుకునే ముచ్చటగానే ఉండేది.

మరుసటి ఆడికృత్తిక పండగకు బాలసుబ్రమణ్యం కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండెక్కాడు. ఆ ఏడు కొండకు జనం ఎక్కువ, నీళ్లు తక్కువ. వాంతిభేది అంటుకుంది. ఇల్లు చేరేసరికే అతని కళ్లు లోపలికి పోయాయి. పెండ్లయి ఏడాది నిండకుండానే కోకిల తాళి తెగింది.

ఆ ఏడు ఆ జబ్బు ఎన్ని ఇళ్లు తొక్కిందో లెక్కలేదు. ఆ ఇళ్లన్నిటి పెండ్లిళ్లలో వెంకటపతి మాట్లాడలేదు, ఆ ఇళ్లన్నిటిలో కోకిల అడుగు పెట్టలేదు. అయినా ఏడ్చేవాళ్లకు ఒక ముద్దాయి కావాలి. తిరువళ్లూరులో ఆ పిల్ల కాలు మంచిది కాదన్నారు, వచ్చిన ఏడాదే మొగుణ్ణి మింగిందన్నారు, పుట్టింటికి పంపేశారు. ఇక్కడి ఊళ్లో కొందరు కాలు కాదు, చిన్నాయన నోరు అన్నారు. అల్లుడి కారియం ముగించుకుని వచ్చిన రోజు కోదండరామ తమ్ముడి గుమ్మం ముందు ఆగాడు. మూట కూడా దించలేదు.

"నీ నోటితోనే మొదలైందిరా," అన్నాడు.

అదే ఆఖరు. ఆ తర్వాత ఆయన తమ్ముడితో మాట్లాడలేదు. నడుమెత్తు గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు. నియమం ఉండనే ఉంది, ముందు పలకరించినవాడిదే తప్పు. వెంకటపతి ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే తన నోరే ఒక పిల్లవాణ్ణి చంపిందని ఒప్పుకున్నట్టు. అది ఆయన నమ్మలేదు. ఇంకొకటి కూడా ఉంది. చావును పిలిచిన నోరని పేరు పడ్డవాణ్ణి మళ్లీ ఏ సభ పిలుస్తుంది? ఆయన మౌనంలో నిజాయితీ పాలెంత, భయం పాలెంత అని అడిగితే ఆయనే చెప్పలేకపోయేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలుస్తూనే పోయాడు, ఇంట్లో మాత్రం ఓడినట్టే బతికాడు.

"ఊరందురి నోళ్లు తెరిపిస్తావు. మీ అన్న ముందర నీ నోరు యాడికి పోతాది?" అని ధనమ్మ ఒకసారి అడిగింది. ఆయన కండువా భుజాన వేసుకుని చేనుకు వెళ్లిపోయాడు.

కోకిల మాత్రం గోడ దగ్గరికి రావడం మానలేదు. ఆ అమ్మాయి బతుకు అప్పటికి చాలా ఇరుకైపోయింది. ఎవరైనా ప్రయాణమైతే తలుపు చాటుకు తప్పుకునేది. పేరంటాలకు పిండి దంచేది, పేరంటానికి పోయేది కాదు. తన గురించి ఎవరూ ఏమీ అనకముందే తనే పక్కకు జరగడం నేర్చుకుంది.

అలా కొన్నేళ్లు గడిచాయి. కోకిల తమ్ముడు జయరామకు తిరుత్తణి నుంచి సంబంధం వచ్చింది. మంచి ఇల్లు, మంచి పిల్ల. ఆ ఇంట్లో పెత్తనమంతా పిల్ల అవ్వ అలమేలుది. ఆమె ఒక షరతు పెట్టింది. తమ పిల్ల కాపురానికి వచ్చేలోగా కోకిలను ఆ ఇంటి నుంచి పంపేయాలి. కాళహస్తిలో ఎవరో దూరపు ముసలమ్మ ఉంది, తోడు కావాలంటోంది, అక్కడికి పంపమని దారి కూడా ఆవిడే చూపింది. చెడ్డ మనిషేమీ కాదు, మనవరాలి మీద భయం అంతే. కోదండరామ సరేననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం కదా. అది పూర్తి అంగీకారం కావడానికి తిరుత్తణిలో, కొండ కింది సత్రంలో నిశ్చయానికి రోజు పెట్టారు. సభలో మొదటి మాటకు వెంకటపతిని పిలిచింది అలమేలు వైపు వాళ్లే. అన్నదమ్ములకు మాటల్లేవని తెలుసు కాబట్టి ఆయన్ని ఏ పక్కకూ చెందనివాడిగానే లెక్కవేశారు. పైగా ఆ చుట్టుపక్కల అంతకన్నా మంచి నోరు ఇంకొకటి లేదు.

షరతు సంగతి వెంకటపతికి చెప్పింది కోకిలే, గోడ దగ్గర నిలబడి, చాటలో బియ్యం ఏరుతూ.

"పోతాను చిన్నాయనా. నేనుంటే తమ్ముని పెండ్లి ఆగిపోతాది. నువ్వు మాట బాగా ఎత్తు. నడిమిలో నాయనకు కోపమొచ్చి తగువు కాకుండా చూడు."

తనను ఇంట్లో నుంచి పంపేసే సభ సజావుగా మొదలుపెట్టమని ఆ పిల్ల ఆయన్ని అడుగుతోంది. వెంకటపతి బియ్యంలో రాళ్లు ఎంచుతున్న ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ తను కాపాడుకుంటున్నది ఏమిటో, దానికి ఖరీదు చెల్లిస్తున్నది ఎవరో అప్పుడు ఆయనకు పూర్తిగా కనబడింది. సిగ్గుతో కుంగిపోయాడు.

నిశ్చయం రోజు పొద్దున్నే సత్రం నిండింది. ఒక వైపు అలమేలు వాళ్లు, ఒక వైపు కోదండరామ వాళ్లు. ఇక్కడివాళ్లలో కోకిల పెండ్లి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. కోకిల వంటింటి గుమ్మం లోపల, ఎవరి కంటా పడకుండా కూర్చుంది. అలవాటు ప్రకారం రెండు పక్కల నుంచీ చెంబులు వచ్చాయి. వెంకటపతి రెండూ వద్దన్నాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయన నీళ్లు తాగకుండా మాట ఎత్తడం ఎవరూ ఎరగరు.

లేచి నిలబడ్డాడు. తర్వాత అన్నాడు.

"నేను."

అక్కడ ఆగాడు. ఎప్పుడో చెదిరిపోయిన ఆ సభ తర్వాత ఇన్నేళ్లలో ఆయన ఏ సభలోనూ అలా మొదలుపెట్టలేదు. ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నేను ఈ పొద్దు నడిమి మనిషిగా రాలేదు. మా అన్నకు తమ్మునిగా వచ్చినా. నా బిడ్డ కోకిల పెండ్లిలో, సుభమనే మాట విడిచిపెట్టి వట్టి కారియమని పలికింది నేను. విన్నోళ్లు ఇక్కడ ఉండారు. అపశకునమనేది ఒకటి ఉంటే, అది నా నోట్లోనుంచి వచ్చింది. ఆ బిడ్డ కాలిలోనుంచి రాలేదు. చెడ్డపేరు ఎవురికన్నా పెట్టాలంటే నాకు పెట్టండి. దూరంగా పెట్టాలంటే నన్ను పెట్టండి. ఆ బిడ్డను ఇంట్లో ఉండనీండి."

అంతే చెప్పి నిలబడ్డాడు. కూర్చోవడం కూడా మరిచిపోయాడు.

నడిమి మనిషి ఒక పక్క నిలబడితే వాడు ఇక నడిమి మనిషి కాడు. అది అక్కడున్న అందరికీ తెలుసు. అన్నదమ్ముల్లో ముందు నోరు తెరిచినవాడిదే తప్పన్నదీ అందరికీ తెలుసు. ఒక్క మాటతో ఆయన రెండూ పోగొట్టుకున్నాడు, తన పేరునూ, ఇన్నేళ్లు పట్టుకుని కూర్చున్న పంతాన్నీ. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. అపశకునమనేది ఉంటే అన్నాడు. ఆ ‘ఉంటే’ను సభలో ఎవరూ పట్టించుకోలేదు, గుమ్మం లోపల కూర్చున్న ఒక్కరు తప్ప.

కోదండరామ తల వంచుకుని చాప మీద వేలితో గీతలు గీస్తున్నాడు. ఆ వేలు ఆగింది. తలెత్తినప్పుడు ఆయన కళ్లు తడిసి ఉన్నాయి.

"వెంకటపతీ, నీళ్లు తాగు," అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "కోకిలా, మీ చిన్నాయనకు నీళ్లు తీసకరామ్మా," అన్నాడు.

పెండ్లి మాటలు జరిగే చోటికి మొగుడు పోయిన ఆడది చెంబుతో ఎదురు రావడం. కోకిల గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించింది. తండ్రి మళ్లీ రమ్మన్నట్టు తలూపాడు. ఆమె అందరి మధ్య నుంచి నడిచి వచ్చి చిన్నాయన చేతిలో చెంబు పెట్టింది. ఆయన గటగటా తాగాడు, సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి. జయరామ లేచి వెళ్లి అక్క పక్కన నిలబడ్డాడు. ఆ పని ముందే చేసి ఉండవలసింది, కానీ అప్పటికైనా చేశాడు.

అందరూ అలమేలు వైపు చూశారు. ఆవిడ కోకిలనే చూసింది. భయానికి ఇంకో ఆధారం దొరికింది కాబట్టి మనసు తేలికపడిందో, మనవరాలి వయసే ఉన్న ఆ పిల్ల ముఖం చూసి కరిగిందో, ఆవిడకే తెలియాలి.

"తప్పు యాడుండాదో తెలిసింది గదా. ఇంక ఆ బిడ్డతో మాకేమి? ఉండనీండి," అంది. ఆ వెంటనే, పెండ్లి పందిట్లో మాత్రం ఈ పెద్దమనిషి నోరు తెరవకూడదని కూడా చెప్పింది. వెంకటపతి సరేనని చేతులు జోడించాడు.

ఆ మాట పందిరితో ఆగలేదు. ఊళ్లకు ఊళ్లు పాకింది. తర్వాత ఏ శుభానికీ ఆయన్ని పిలవలేదు. తగువులకు కూడా మెల్లగా మానేశారు. తొలిమాట వెంకటపతి కారియం వెంకటపతి అయిపోయాడు. పొద్దున్నే ఎదురైతే పక్కకు తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన వల్ల నోళ్లు విప్పి, ఆయన వల్ల బాగుపడ్డవాళ్లే వాళ్లలో ఎక్కువ. లోకం తీరు అంతే, తిట్టుకుని లాభం లేదు గానీ, తిట్టుకోకుండా ఉండడం కష్టం. జయరామ పెండ్లిలో ఆయన పందిరికి దూరంగా, బండ్ల దగ్గర ఎద్దులకు గడ్డి వేస్తూ గడిపాడు. కోదండరామ తన విస్తరి పట్టుకుని అక్కడికే వచ్చి, తమ్ముడి పక్కన కూర్చుని తిన్నాడు. ఇళ్ల మధ్య గోడను ఆ వేసవిలో వాళ్లిద్దరే కలిసి పడగొట్టారు.

చాలా రోజుల తర్వాత కోకిల అడిగింది. "చిన్నాయనా, ఆ పొద్దు ‘ఉంటే’ అన్నావు గదా. నువ్వు నమ్మినావా?"

"లేదమ్మా. వాళ్లు నమ్మినారు. వాళ్లు నమ్మినదాన్ని నీ మీదనుంచి ఎత్తి నా మీద పెట్టుకున్నా. నాకేమి, ముసలోణ్ణి, మోస్తాను," అన్నాడు ఆయన. కోకిల ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మొగుడు పోయాక అంత బిగ్గరగా ఏడవడం అదే మొదలు.

ఆ ఇంటికి కొత్త కోడలు వచ్చింది, పిల్లలు పుట్టారు. వాళ్లను కోకిలే ఎత్తుకుని పెంచింది. మెల్లగా ఆడవాళ్ల మధ్య మాటపట్టింపులు వస్తే కోకిలను పిలవడం అలవాటైంది. వెళ్లిన చోటల్లా ఆమె ముందు నీళ్లడిగేది.

వెంకటపతి యుద్ధం రోజుల్లో పోయాడు, కిరసనాయిలు కోసం జనం గంటలు గంటలు నిలబడే కాలంలో. పెద్ద జబ్బేమీ కాదు, చెరకు నరుకుతూ కూర్చుండిపోయాడు, మళ్లీ లేవలేదు. కర్మ రోజున జనం బాగానే వచ్చారు. పక్కకు తప్పుకున్నవాళ్లూ వచ్చారు, చచ్చినవాడి మీద కోపమేముంటుంది? తిరువళ్లూరు నుంచి బాలసుబ్రమణ్యం తండ్రి కూడా వచ్చాడు, బాగా ముసలివాడై, కర్ర పట్టుకుని.

పిండాలు అయ్యాయి. పోయినవారి గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు అనడం ఆ ఊరి ఆచారం. ఎవరు మొదలుపెట్టాలి? అందరూ అరుగు మీదా వసారాలోనూ కూర్చుని నేల చూస్తున్నారు. ఆ పని చేసే మనిషి కోసమే వాళ్లు వచ్చింది, ఆ మనిషే లేడు. కోదండరామ మాట ఎత్తబోయి, కండువాతో ముఖం కప్పుకున్నాడు. కాకులు వచ్చి పిండాలు ముట్టుకుని వెళ్లాయి.

కోకిల లోపలి నుంచి వచ్చింది. మగవాళ్ల సభలో, అందులోనూ ఇలాంటి రోజున, ఆడది మాట ఎత్తడం అక్కడ ఎవరూ చూడలేదు.

"రొంత నీళ్లిస్తారా?" అంది.

కోదండరామ లేచి తనే చెంబు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగింది. రెండో పక్క ఎవరున్నారని చూస్తే, తిరువళ్లూరు ముసలాయన ముందున్న చెంబు కనబడింది. దాన్నీ అందుకుని ఒక గుక్క తాగింది. చేతులు జోడించి, మామగారి వైపు, అందరి వైపు చూసి, అరవంలో అంది.

"ఇంద కారియత్తుక్కు వందిరుక్కుం పెరియవంగ ఎల్లారుక్కుం నమస్కారం."

పెండ్లి చూసినవాళ్లందరూ గుర్తుపట్టారు. ఒక్క అక్షరం తేడా లేదు. అదే మాట, అదే వరస. తిరువళ్లూరు ముసలాయన కర్ర మీద నుంచి తలెత్తి కోడలిని చూశాడు.

ఆమె తెలుగులోకి తిరిగింది. "మా చిన్నాయన ఈ మాట నా పెండ్లిలో అన్నాడు. మాటలో తప్పేమీ లేదు. రావలసిన దినం కన్నా ముందుగా వచ్చేసింది, అంతే. ఈ పొద్దు సరిపోయింది. పేరొచ్చినాక ఆయన సభలో ‘నేను’ అని ఒకసారే మొదలుపెట్టినాడు. ఆ ఒక్క మాటకు తన పేరంతా పోగొట్టుకున్నాడు. నాకు మాత్రం ఇల్లు మిగిలింది."

చెంబు కింద పెట్టి, తండ్రి పక్కన కూర్చుంది. తిరువళ్లూరు ముసలాయన కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. కండువాతో కళ్లు తుడుచుకుని, వాళ్ల అవ్వల కాలంలో మరిచిపోయిన తెలుగులో, తడుముకుంటూ, వెంకటపతి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఒకరూ, ఆ తర్వాత ఇంకొకరూ మాట్లాడారు.